వరఖ్ అంటించిన గాలి ఓడలు

నిన్న మిఠాయి కొట్లో ఫ్యాన్ గాలికి బర్ఫీ మీది వెండి రేకు అంచు లేచింది. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టబోయాను. శాలిబండ దోస్తులారా, చిన్నప్పటి మన ఇర్ఫాన్ గాలి ఓడలు గుర్తున్నాయా?

వాళ్ల అబ్బా వెండిని సుత్తితో కొట్టి వరఖ్ చేసేవాడు. రేకు ఎగిరిపోతుందని ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాన్ వేసేవాళ్లు కాదు. చిరిగిన ముక్కల్ని ఇర్ఫాన్ తెచ్చి మన అట్టపెట్టె ఓడలకు అంటించేవాడు. అదే మన ఎనర్జీ షీల్డు. టార్చిలైటు శత్రువుల మెరుపు. వరఖ్ మీద పడి వెనక్కి తిరిగేది. గులేరు రబ్బరు సాగదీసి కొట్టిన చింతగింజ మాత్రం వరఖ్‌నీ అట్టనీ చీల్చుకుని పోయేది.

"ఏంది భాయ్, గింజను గూడ ఆపదా నీ షీల్డు?" అని నేను లొల్లి పెట్టేవాణ్ణి.

"మెరుపునైతే ఆపుతది. బరువున్నది వస్తే లోపలున్నోళ్లే చెయ్యి పెట్టాలె," అంటూ ఇర్ఫాన్ ఓడ వెనక అరచెయ్యి పెట్టేవాడు. ఎవరి ఓడైనా సరే. సాయంత్రానికి ఆ చెయ్యి కందిపోయేది. అడిగితే నవ్వేవాడు. "ఫికర్ లేదు భాయ్, మస్తుగున్న."

చివరిదాకా ఫోన్లోనూ అదే మాట. రోగం ఎంత ముదిరిందో మనలో ఎవరికీ చెప్పలేదు.

పోయిన శుక్రవారం కిషన్‌బాగ్‌లో వాడి అంతిమయాత్రలో జనాజా మోసే వంతు నాకొచ్చింది. బరువుంటుందని భుజం బిగించి పట్టాను. మోయడానికి అక్కడ బరువే మిగల్లేదు.