పేరు కంటే ముందు మేలుకునేది

మా అక్క ముప్పై ఒక్క ఏళ్లు ఒకే గదిలో పనిచేసింది. ఆపరేషన్ థియేటర్ పక్కన, ఆరు మంచాలు పట్టే గది. ఆపరేషన్ అయినవాళ్లను స్పృహ రాకముందే అక్కడికి తోసుకొచ్చేవారు. చెంప మీద మెల్లగా తట్టి, పేరు పెట్టి పిలిచి కళ్లు తెరిపించడం నర్సుగా ఆమె పని. ఆసుపత్రిలో 'లేపే సిస్టరు' అనేవారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున్నే నన్ను లేపలేక ఆమె తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకరోజు మంచాలు తారుమారయ్యాయి. మూడో మంచం మీది పెద్దాయన్ని నాలుగో మంచం ఆయన పేరుతో పిలిచింది. "ఆఁ" అని పలికాడాయన. పూర్తిగా తెలివొచ్చాక, "అది నా పేరు కాదమ్మా" అన్నాడు.

"మరెందుకు పలికారండీ?"

"ఏమో. అప్పటికింకా నా పేరు నాకు రాలేదు."

మత్తు డాక్టరు పడీపడీ నవ్వాడట. అక్కకి నవ్వు రాలేదు. సాయంత్రం యూనిఫారం బకెట్లో నానబెడుతూ నాతో అంది: "పేరు రాకముందే, పెళ్లాం పిల్లలు గుర్తుకు రాకముందే, లోపల ఒకటి మేలుకుని పలికిందే. అదెవరు?"

"మత్తు దిగని ముసలాయన."

"నీ తలకాయ. పేరు కంటే ముందున్నది పేరుతోపాటు పోతుందా?"

అప్పటినుంచి అదే ధ్యాస. సెలవు రోజుల్లో వేదాంత పాఠాలకు వెళ్లేది. మనసు కూడా అణగిపోయిన గాఢనిద్రలో సాక్షిగా మిగిలేదే ఆత్మ, దానికి పుట్టుకా చావూ లేవు అని గురువుగారు చెబితే, "తెలుసండీ, డ్యూటీలో చూస్తుంటాను" అందట.

రిటైరైన ఏడాదికే ఆమెకు ఆపరేషన్ అవసరమైంది. పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు. ముందురోజు మధ్యాహ్నం నేను జడ వేస్తుంటే, "రేపు నేను లేవకపోయినా, ఆ మేలుకునేది ఎక్కడికీ పోదే. బెంగపడకు" అంది.

నాకు ఒళ్లు మండింది. "అదుంటే నాకేంటి? దానికి నన్ను తిట్టడం వచ్చా? నా చీర కట్టుకెళ్లి మరక చేసుకొస్తుందా? నాకు నువ్వు కావాలక్కా."

అక్క జడ ముందుకు తీసుకుని కొస ముడి తనే వేసుకుంది. తరవాత నెమ్మదిగా, "నాకూ ఇలాగే ఉండాలనుందే" అంది.

మర్నాడు ఆమె లేవలేదు.

నెల దాటాక గురువుగారి దగ్గరికి వెళ్లాను. మీ అక్క ఎక్కడికీ పోలేదమ్మా అన్నారు. "నేను చెల్లెల్నని దానికి గుర్తుంటుందాండీ?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "గుర్తుండటం మనసు పని తల్లీ. అక్కడ మనసుండదు."

అబద్ధం చెప్పి ఊరడించనందుకు నమస్కారం పెట్టి లేచాను. మెట్లు దిగుతుంటే ఈ మాట అక్కకి చెప్పాలనిపించింది. తప్పకుండా వాదానికి దిగేది. ఏమని వాదించేదో ఎంత ఆలోచించినా నాకు అందలేదు.