చెల్పూర్‌లో ఉండిపోయిన బూచి పేరు

బచ్చన్నపేటలో బొంతలు కుట్టే మరియం బీకి ఊళ్లో అందరి ఇళ్ల బూచులూ తెలుసు, ఒక్క తన పుట్టింటిది తప్ప.

అన్నం తినని పిల్లను ఏ తల్లి దేన్ని పిలిచి బెదిరిస్తుందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో, కుట్టుకు కూర్చున్నప్పుడల్లా ఆరా తీసేది. ఒక వాడలో బూచోడు, రోడ్డు దాటితే బూచమ్మ. గట్టమ్మ ఇంట్లో మీసాలోడు. దొరల కాలంలో వెట్టికి మనుషుల్ని లాక్కుపోయినవాడు ఏనాడో చచ్చినా, వాడి మీసాలు ఆ ఇంటి పిల్లలకు ఇంకా అన్నం తినిపిస్తూనే ఉన్నాయి. తండా కమలాబాయి డాకణ్ అంటుంది. ఎడ్ల మీద ఉప్పు మోసుకొచ్చిన తాతలు దాన్ని కూడా మోసుకొచ్చారట. మరియం బీ అత్తవారిది హౌవా.

ఒకనాడు మనవరాలు అల్ఫియా అడిగింది. "నానీ, మరి మీ అమ్మీ నిన్ను దేంతోని బెదిరిచ్చేది?"

మరియం బీ చెప్పబోయింది. తడి వెంట్రుకలు, ఒంటికాలి గజ్జె, అన్నీ గుర్తున్నాయి. పేరే లేదు. పిల్లలు పలికితే అది ఇంటికొస్తుందని అమ్మీ గట్టిగా చెప్పడంతో ఒక్కనాడూ పైకి అనలేదు. అనకుండా అనకుండా అది కాస్తా పోయింది. ఆ పేరు చెప్పేటప్పటి అమ్మీ గొంతూ దాంతోపాటే పోయింది. పేరు దొరికితే గొంతూ వినపడుతుందనిపించింది. పేరు మరిచిన సంగతి అందరికీ చెప్పింది కానీ, గొంతు సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

చెల్పూర్‌లో పుట్టింట్లోనే ఉంటున్న చెల్లెలు మెహనాజ్‌కు ఫోన్ చేసింది.

"యాదికున్నది ఆపా. కని కోడలు పచ్చి బాలింత. చిల్లా దాటి నలభై దినాల తానం అయ్యేదాక ఆ పేరు నోట్లకెల్లి తియ్య. నువ్వే రారాదు, చెవుల చెప్త."

పోదామంటే బస్సేదీ? సకల జనుల సమ్మె. బడులు బంద్, బస్సులు బంద్. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. మరియం బీ కూడా గంటె పట్టుకుని వెళ్లింది కానీ చూపంతా బస్సు వచ్చే దిక్కే.

"అందరు తెలంగాణ రావాలె అంటుంటే, నువ్వు దయ్యం రావాలె అంటవేందే మరియమ్మా?" అంది గట్టమ్మ.

"రెండు రావాలె అక్కా. ముందుగాల బస్సు రావాలె."

"గా బస్సుల మీ దయ్యమే వస్తదేమో, టికెట్ తీస్కొని!" అని కమలాబాయి పకపకా నవ్వింది. "పప్పు మాడుతున్నది, కలుపు."

బస్సులు కదిలిన నాడే, పసిగుడ్డుకు కుట్టిన చిన్న బొంతను చంకన పెట్టుకుని మరియం బీ బయలుదేరింది. చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడగానే సీట్లోంచి లేచి బస్సు తలుపు దగ్గరికి పోయి నిలబడింది. తానం అయిపోయింది, ఇల్లంతా ఊదు వాసన. చెల్లెలు కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, ఊరి ముచ్చట్లన్నీ అడిగింది. ఆ ఒక్కటి తప్ప.

మరియం బీ ఆగలేక చెవి దగ్గరగా పెట్టింది. "ఇగ చెప్పు."

మెహనాజ్ బొంత అంచును తడిమింది. "నాకు సుత యాదికి లేదు ఆపా."

"ఉన్నదంటివి గదనే!"

"లేదంటే నువ్వు వస్తుంటివా? అమ్మీ పోయినంక ఒక్కపారన్న ఈ గడప తొక్కినవా?"

మరియం బీకి కోపం ముంచుకొచ్చింది. సంచీ అందుకుంది కూడా. అంతలో పాప ఏడిస్తే మెహనాజ్ బొంతలో చుట్టి ఒళ్లో వేసుకుంది. "వస్తది... వస్తది..." అంటూ నోటితో గజ్జె చప్పుడు చేసింది. ఆ చప్పుడు అమ్మీదే. పేరు లేదు, అంతే.

మరియం బీ సంచీ గోడకు ఆనించి కూర్చుంది.

సాయంత్రం గట్టమ్మ ఫోన్. "దొరికిందానే పేరు?"

మరియం బీ చెల్లెలి వైపు చూసింది. "ఏడ అక్కా! జల్ది చెప్తలేదు గిది, జర సతాయిస్తున్నది. ఇంక కొన్ని దినాలు ఈడనే ఉండాలె గావచ్చు."