పెబ్బేరు సంత నుంచి మళ్లిన ఎడ్లు

మొన్న శుక్రవారం మా పక్కింటి కాంపౌండర్ సాబ్ పోయారు. కబురు వినగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన మంచితనం కాదు. ఐదారేళ్ల కిందటి కరువులో మరొకరు ఆయన నోట ఇప్పించి, తామే తప్పిన మాట.

పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి. కరువొస్తే వనపర్తి చాయ్ హోటల్ దగ్గర నలుగురిని కూడగట్టి, కాలువ కింది ఊళ్లలో ఇంటికో మోపు వరిగడ్డి అడిగి, పెద్దమందడి పల్లెలకు ట్రాక్టర్‌లో చేర్చేవారు. వస్తానన్నవాడు రాకపోతే వాళ్లింటికి పోయి, బాగోగులు అడిగి, చాయ్ తాగి లేచేవారు. మర్నాడు ఆ మనిషి తప్పక వచ్చేవాడు.

ఆ ఎండాకాలం హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన జిల్లావాళ్లు ఇంటర్నెట్‌లో సేవా గ్రూపు పెట్టారు. లారీ గడ్డి పంపుతామని, మేమూ వస్తామని ఎందరో రాశారు. నేను నెట్ సెంటర్లో చదివొచ్చి చెబితే ఆయన ముఖం వెలగలేదు.

"మొహం తెలిసినోడు రాకుంటె ఇంటికి పోయి అడుగుత. గీళ్లను యాడికి పోయి అడగాలె సార్?"

శనివారానికి లారీ దిగుతుంది, రైతులకు చెప్పేయండి అని గ్రూపు పెద్ద ఫోన్లో భరోసా ఇచ్చాడు. ఆ మాట నమ్మి సాబ్ పెబ్బేరు సంతకు పోయి, ఎడ్లను అమ్మబోతున్న ఒక రైతు చెయ్యి పట్టుకుని ఆపారు.

"గడ్డి నువ్వేస్తవా సాబ్?" అని దళారి నవ్వాడు.

"నేనే ఏస్త. ఎడ్లను ఇంటికి తోలుకపో."

లారీ రాలేదు. బ్యానర్ మీద ఎవరి పేరుండాలి, ఏ మండలం ముందు అని గ్రూపులో వాదులాట. లారీ వస్తోంది కదా అని చాయ్ హోటల్ దగ్గర కూడే వాళ్లూ ఇళ్లలో కూర్చున్నారు. గ్రూపులో ఇద్దరు మాత్రం వాదన మాని బస్సెక్కి వచ్చి సాబ్‌తో మోపులు మోశారు. చివరిదాకా ఆయన వాళ్ల క్షేమం అడిగేవారు. ఆ గడ్డి చాలలేదు. సంత నుంచి మళ్లిన ఎడ్లలో ఒకటి పడి మళ్లీ లేవలేదు. రెండోదాన్ని వచ్చిన ధరకు తెగనమ్మి రైతు బొంబాయికి కూలికి పోయాడు.

గ్రూపు పెద్దను నిలదీశాను. "వానలు పడ్డయి గద, ఇంకా గడ్డి ముచ్చటేంది?" అన్నాడు.

సేవాధర్మం మీద అలమారానిండా పుస్తకాలు చదివాను. సాబ్ అన్న ఒక్క మాట వాటిలో దొరకలేదు: "మాటిచ్చినోడు మర్సిపోతడు సార్. ఇన్నోడు మర్సిపోడు." తర్వాత ఏ ఊరికి పోయినా రైతులు మంచినీళ్లిచ్చారు గానీ మాట నమ్మలేదు. అయినా ఆయన పోవడం మానలేదు.

మొన్న సాబ్‌ను మోసే జనాజా లేచింది. నాలుగడుగులకోసారి భుజాలు మారుతున్నాయి. గ్రూపు పెద్ద కారు దిగి, నా పక్కకు వచ్చి, భుజం పెట్టబోయాడు.

"జర జరుగన్నా."

నేను జరగలేదు. ఇప్పటికీ నేను తప్పుపట్టేది వాడినే, నా తోడబుట్టిన తమ్ముణ్ణి.