తెల్ల బతుకమ్మ

సూరత్‌లో పాండేసరా వైపు నుంచి గాలి మళ్లితే ఆల్థాన్‌లోని మా బాల్కనీలోకి రంగుల మిల్లు వాసన వస్తుంది, ఉడికిన బట్టదీ తడి ఇనుముదీ కలగలిసిన వాసన. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని కిటికీలు వేసుకుంటారు, నేను మాత్రం చేతిలో పని ఆపి నిలబడిపోతాను, ఎందుకంటే అది మా నాన్న వాసన.

జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి బమ్రోలిలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. నాన్న చీరలకు రంగువేసే మిల్లులో పనిచేసేవాడు, ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో ఆనాటి రంగు మిగిలేది, దాన్ని బట్టి అమ్మ గొంతు మారేది. ఎరుపో పసుపో అయితే రొట్టెలు చేస్తూ ఏదో ఒక కూనిరాగం తీసేది. నలుపు వేసిన రోజు నాన్న అలిసిపోయి వచ్చీ రాగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఆ రోజు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప పాట ఉండేది కాదు. రంగుకూ రాగానికీ చుట్టరికం ఉందని నాకు చెప్పింది ఆ గోళ్లే.

ఊళ్లో బతుకమ్మ చుట్టూ వాడంతా తిరుగుతుందట, ఒకరు పాట ఎత్తుకుంటే అందరూ అందుకుంటారట. ఇక్కడ ఆ రోజుల్లోనే గర్బా. స్పీకర్ల మోతకు మా కిటికీ రెక్కలు అదిరేవి, గల్లీ అంతా అద్దాల గాగ్రాలు మెరిసేవి. మనవాళ్లు చుట్టుపక్కల ఉన్నా అందరూ భార్యల్ని ఊళ్లో వదిలొచ్చిన మగవాళ్లే.

ఒక ఏడు అమ్మ నగరం చివరి ఉన్ అనే పేట దాటి వెళ్లి, రైలు పట్టాల పక్కన గునుగు పూలు కోసుకొచ్చింది. ఆ తెల్లపూలను రంగునీళ్లలో ముంచి ఎరుపూ ఊదా చేస్తే తప్ప బతుకమ్మకు కళ రాదు. ఇంట్లో రంగులవాడుండగా బజారు రంగెందుకని నాన్న మిల్లు నుంచే పొట్లం కట్టుకొచ్చాడు. తీరా అది పాలిస్టర్ రంగు, మరిగే యంత్రంలో తప్ప పట్టదు. బకెట్లోంచి తీస్తే పూలు ఎలా వెళ్లినవి అలాగే తెల్లగా వచ్చాయి.

"ఏందయ్యా, సూరత్ మొత్తానికి రంగేస్తవ్, గీ గుప్పెడు పూలకు ఎయ్యరాదా?" అని అమ్మ పకపకా నవ్వింది.

"జర ఉడుకు నీళ్లల్ల ఏసి సూద్దాం," అన్నాడు నాన్న. సగం పూలు తోటకూరలా వాలిపోయాయి.

మిగిలినవాటితో పేర్చిన తెల్ల బతుకమ్మను సాయంత్రం డాబా మీద పెట్టి, అమ్మ చప్పట్లు కొడుతూ ఒక వరుస పాడి ఆగింది. వదినలూ మరదళ్లూ అందుకోవాల్సిన చోటు అది. కింద నుంచి గర్బా తప్ప ఏమీ రాలేదు. ఆ ఖాళీ నా కంటికి ఆ పూలంత తెల్లగా కనిపించింది, భయమేసింది.

"ఇగ చాలు బిడ్డా, ఒక్కదాన్నే ఏం పాడుత," అని అమ్మ వంగి పళ్లెం ఎత్తబోయింది. ఆమె ఇక ఎప్పటికీ పాడదనిపించి, నేను గబగబా చప్పట్లు కొట్టి, విన్న చివరి మాటను వచ్చినట్టు అందుకున్నాను. అమ్మ పళ్లెం వదిలేసి నన్ను చూసింది, రెండో వరుస ఎత్తుకుంది. చపాతీలు నలిపి బెల్లంతో కలిపిన మలీద ఆ పూట ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ నాలుకకు తెలుసు. ఆ తర్వాత ఏటా మేమిద్దరమే, ఆమె ఎత్తుకోవడం, నేను అందుకోవడం.

నాన్న ముందు పోయాడు, నిరుడు అమ్మ. ఈ దసరాకు బజారు రంగే కొన్నాను, గునుగు చక్కగా ఊదారంగు తేలింది. కింద గర్బా మొదలైంది. డాబా మీద బతుకమ్మను పెట్టి నోరు తెరిచాక తెలిసింది, ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అందుకోవడమే, పాట ఎత్తుకోవడం ఒక్కసారీ నా వంతు రాలేదు. చప్పట్లు కొట్టి, అలవాటుగా, మొదటి వరుస కోసం ఆగాను.