చెప్పిన తారీఖు

చెప్పిన తారీఖుకి ప్యాంటు ఇచ్చిన పాపాన ఆ టైలరు మాస్టారు ఎన్నడూ పోలేదు. పనితనం మాత్రం బంగారం. ఆయన కుట్టింది వేసుకుంటే ఎంతటి బొజ్జ ఉన్నవాడికైనా నడుము ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే జనం తిట్టుకుంటూనే ఆ దుకాణం చుట్టూ తిరిగేవారు. "కాజాలొక్కటే మిగిలాయండీ, రేపు రండి" అనేవాడాయన, గుడ్డకి ఇంకా కత్తెర కూడా తగలకముందే. సొంత కూతురి పెళ్లిలో వియ్యంకుడి ప్యాంటు భోజనాల వేళకి అందింది. అంతదాకా పాపం ఆ పెద్దమనిషి గది తలుపు తీయలేదు.

అలాంటి మాస్టారికి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేలింది. మొగుడూ పెళ్లాలిద్దరూ డాక్టరమ్మ ముందు బిక్కచచ్చిపోయి కూర్చున్నారు.

"చిన్నదే, నెమ్మదిగా పెరిగే రకం" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ చేసి గ్రంథి తీసేయొచ్చు. రేడియేషన్ ఇవ్వొచ్చు. లేదా ఇప్పుడేం చెయ్యకుండా, వేళకి రక్తపరీక్షలూ స్కానింగులూ చేస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. పెరుగుతోందంటే అప్పుడు వైద్యం మొదలుపెడదాం. మీ విషయంలో మూడూ పనికొస్తాయి. ఏది కావాలో మీరే చెప్పండి. తొందరేం లేదు."

ఆపరేషన్ తర్వాత కొందరికి మూత్రం ఆగకపోవచ్చనీ, ఆలుమగల మధ్య ఇబ్బంది రావచ్చనీ, రేడియేషన్‌కీ దాని తిప్పలు దానికున్నాయనీ దాచకుండా చెప్పింది. ఆలుమగల మాట వచ్చేసరికి మాస్టారు కిటికీ వైపూ, ఆయన భార్య ఫ్యాను వైపూ చూశారు.

బయటికొచ్చాక మాస్టారు మండిపడ్డాడు. "ఇదేం డాక్టరే! నన్నడుగుతుందేంటి? కాలు ఎంత వెడల్పు పెట్టమంటారని నేనెప్పుడైనా ఎవర్నైనా అడిగానా? నిలబెట్టి కొలిచి కుట్టి పారేస్తాను."

"అడగడానికేముందండీ, తీయించేసుకోండి" అంది భార్య. "ఒంట్లో అది పెట్టుకుని ఎలా తిరుగుతారు?"

మర్నాడు దుకాణానికి పాత ఖాతాదారు ఒకాయన వచ్చాడు, ఈ ఆపరేషన్ అయినవాడే. నడుం చుట్టూ టేపు బిగించి, కదలకుండా చేసి, మాస్టారు నెమ్మదిగా ఆ మాట కదిపాడు.

"హాయిగా ఉన్నా మాస్టారూ. మొదట్లో తడిసేది. ఇప్పుడు గట్టిగా నవ్వితే తప్ప ఫరవాలేదు" అన్నాడాయన.

మాస్టారికి గుండెలో రాయి పడింది. పొద్దస్తమానం ఆ దుకాణంలో కబుర్లూ నవ్వులే. నవ్వకుండా మిషను తొక్కడం ఆయన వల్ల అయ్యే పనా? ఆ సాయంత్రం భార్యతో చెప్పేశాడు. "కనిపెట్టుకుని ఉందామే. డాక్టరమ్మ పర్లేదందిగా."

ఆవిడ చేతిలోని గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఎవరూ, మీరా? వేళకి పరీక్షకెళ్లేది? వియ్యంకుడిని గదిలో కూచోబెట్టిన మనిషి! 'రేపెళ్దాంలే' అంటారు. ఆ రేపు అలా సాగుతూ సాగుతూ..." కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకుంది. "మొదటి పరీక్షకి మూడు నెలలుందిగా. అప్పటిదాకా ప్రతి ప్యాంటూ చెప్పిన తారీఖుకి ఇచ్చి చూపించండి. ఒక్కటి తప్పినా సరే, ఆపరేషనే."

మాస్టారు పంతం పట్టాడు. కబుర్లు కట్టిపెట్టి, టీలు మానేసి, చెప్పిన తారీఖుకి ప్యాంట్లు ఇస్త్రీ చేసి మరీ తగిలించాడు. తీరా చూస్తే తీసుకెళ్లడానికి పురుగు కూడా రాలేదు! ఆయన తారీఖుకి వారం కలుపుకుని రావడం అందరికీ ఏనాడో అలవాటైపోయింది. దుకాణంలో నిలబడ్డానికి చోటులేక మాస్టారే ఫోన్లు మొదలుపెట్టాడు.

"ప్యాంటు సిద్ధమండీ, వచ్చి తీసుకెళ్లండి."

"అయ్యో మాస్టారూ! ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుగా అడిగేవారు అవతలివాళ్లు. ఒకాయనైతే వచ్చి, ప్యాంటు తిరగేసి మరగేసి, "ఇది నాదేనా?" అని రెండుసార్లు అడిగి మరీ పట్టుకెళ్లాడు. మొత్తానికి ఒక్కటీ తప్పలేదు. భార్యకి ఒప్పుకోక తప్పలేదు.

పరీక్ష రోజు వచ్చింది. మాస్టారు తెల్లారకముందే స్నానం చేసి, చొక్కా గుండీలు పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. భార్య మాత్రం చెప్పులు పక్కన పెట్టుకుని కుర్చీలో అలాగే కూర్చుంది.

"ఏమే, వేళైపోతోంది."

"వచ్చే వారం వెళ్దామండీ" అంది, తలెత్తకుండా.

మాస్టారు నోరెళ్లబెట్టాడు. ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "మూడు నెలలు నా ప్రాణం తోడేసి, ఇప్పుడు వచ్చే వారమా!" అనబోయి, ఆవిడ చేతుల వంక చూశాడు. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని ఆ రెండు చేతులూ మడిచిందే మడుస్తున్నాయి.

"రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందంటారేమోనని భయంగా ఉందండీ" అంది. "ఇవాళ వెళ్లకపోతే ఇవాళ్టికి మీరు బాగున్నట్టేగా."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. తీయించేసుకోమని ఇన్నాళ్లూ ఈవిడ పట్టిన పట్టంతా ఇందుకే. ప్రతి పరీక్షకీ ఈ గుమ్మంలో ఈ భయం ఇలాగే ఎదురవుతుంది. కనిపెట్టుకుని ఉందామని తను చెప్పిన మాటలో ఎక్కువ బరువు ఆవిడ మీదే పడింది.

గుమ్మంలోంచి వెనక్కొచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, చెప్పులు ముందుకి జరిపాడు.

"నాకూ భయంగానే ఉందే. నువ్వు లేకుండా నేనొక్కణ్ణీ వెళ్లలేను" అన్నాడు.

ఆవిడ ఆయన భుజం పట్టుకుని లేచి, చెప్పులు తొడుక్కుంది.