వదులుగా ఉండాల్సిన నట్టు

వదులుగా కనిపించిన ప్రతి నట్టునూ బిగించేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫ్యాను నట్టు, కుర్చీ నట్టు, సైకిలు నట్టు అయితే సరే, బిగించండి. కానీ ఒక మనిషి పనిగట్టుకుని, అరగంట నేల మీద కూర్చుని వదులు చేసిన నట్లు కూడా ఉంటాయి. ఇది ఇలా ఎందుకుందని ఒక్క మాట అడగవచ్చు కదా? అడగరు. చేతికి పానా దొరికితే చాలు, తిప్పేస్తారు.

అప్పట్లో నా దగ్గర ఒక నైట్రో ట్రక్కు ఉండేది. బొమ్మే, కానీ బ్యాటరీ బొమ్మ కాదు. రెండు జానల పొడవు, నాలుగు లావు చక్రాలు, లోపల నిజమైన చిన్న ఇంజను. తాడు లాగి స్టార్టు చేసి రిమోటుతో నడపాలి. పెట్రోలు పోస్తే పనికిరాదు, దాని ఇంధనం వేరే. ఎర్రగా, ఆముదం వాసన కొడుతూ డబ్బాలో వస్తుంది. నాన్న ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. నేను అక్కడే పుట్టి పెరిగి, అక్కడి నుంచే ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. ఆదివారం వస్తే ట్రక్కు సంచిలో వేసుకుని పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ మైదానానికి పోవడం, లోపలి పళ్ల చక్రం విరగ్గొట్టుకుని ఏడుపు మొహంతో తిరిగి రావడం. అదీ నా సరదా.

అతను నాకు ఆ మైదానంలోనే పరిచయమయ్యాడు. హాస్టల్లో ఉండి పరిశోధన చేసేవాడు. జనగామ వైపు వ్యవసాయ కుటుంబం, ఊళ్లో బోరు మోటార్లు విప్పి బిగించిన చేతులు. నాకంటే నాలుగేళ్లు చిన్న. మొదటి రోజే నా ట్రక్కు ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశాడు.

"గంత బిగిస్తరా అన్నా? గది జారాలె. జారకపోతే పళ్లే పోతయి."

అది స్లిప్పర్ క్లచ్. ఇంజను ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ దెబ్బంతా ప్లాస్టిక్ పళ్ల చక్రం మీద పడకుండా, మధ్యలో రెండు బిళ్లలు కాస్త జారతాయి. ఎంత జారాలన్నది ఒక స్ప్రింగు చేతిలో, దాన్ని నొక్కే ఒక నట్టు చేతిలో ఉంటుంది. అతను ఆ నట్టును చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పేవాడు. నన్ను ఒక్కసారిగా దౌడు తీయించమని, తను నేలకు చెవి ఆనించినంత పని చేసి వినేవాడు. బిళ్లలు జారితే సన్నగా కీచుమంటుంది. బండి మూరెడు దూరం పోయేసరికి ఆ చప్పుడు ఆగిపోవాలి. ఆగకపోతే కొంచెం బిగించేవాడు, అసలు వినిపించకపోతే కొంచెం వదిలేవాడు. అంత ఓపిక నాకు ఈ జన్మకు రాదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో క్యాంపస్ ఉడికిపోతున్న రోజులవి. గేట్ల దగ్గర ముళ్లకంచెలు, వ్యాన్లు, కళ్లు మండించే పొగ. అతను ఊరేగింపులకు వెళ్లేవాడు, నేను ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. దాని గురించి మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒక బంద్ రోజు ఆఫీసు లేకపోతే మా ఇంటికి వచ్చి క్లచ్‌కు కొత్త బిళ్లలు వేశాడు. మా వీధిలో నాలుగుసార్లు నడిపి నట్టు సరిచేస్తుంటే, పక్కింటాయన చప్పుడని గొడవకొచ్చాడు. మిగతాది హాస్టల్ వెనక చూసుకుందామని బయల్దేరాం. సంచి అతని భుజాన, రిమోటు నా చేతిలో.

కంచె దగ్గర ఒక కానిస్టేబుల్ సంచి విప్పి, ఎర్ర డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"ఏంది గిది? బస్సులు కాలబెట్టనీకా?"

నా ఆఫీసు కార్డు చూసి పక్కకు జరగమన్నాడు. అతని హాస్టల్ కార్డు చూసి, సంచితో సహా జీపెక్కించాడు. రిమోటు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఇంటికి పరుగెత్తి స్కూటరు తీసుకుని స్టేషనుకు వెళ్లాను. ఏ స్టేషనో చెప్పను.

అతన్ని గోడ వారగా కింద కూర్చోబెట్టారు. ఎస్సై నన్ను ఎవరని అడిగాడు. నేను వీధిలో మాట్లాడే తెలుగు మాయమైపోయి, మా అమ్మ మాట్లాడే కోస్తా తెలుగు బయటికొచ్చింది. అదే వచ్చిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం, నేనే తెచ్చుకున్నాను.

"ఏ ఊరండీ మనది?" అన్నాడు ఎస్సై. చెప్పాను. కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

"ఈ బండి ఎవరిది?" అన్నాడు, బల్ల మీద పెట్టిన ట్రక్కు చూపిస్తూ.

గోడ దగ్గర్నుంచి అతను తలెత్తి నా వైపు చూశాడు. నేను "ఇది బొమ్మండీ. ఇంజను దెబ్బ చక్రం మీద పడకుండా మధ్యలో క్లచ్ ఉంటుందండీ" అని మొదలుపెట్టాను.

"ఎవరిదని అడిగాను."

"నాదే సార్" అన్నాడు అతను.

నేను ఆపలేదు. స్ప్రింగు దాకా వచ్చాను, బిళ్లల దాకా వచ్చాను, ఆ డబ్బాలోది పెట్రోలు కాదని కూడా చెప్పాను. ఎస్సై ఆవులించి, "బొమ్మైతే నడిపి చూపించండి. నడిస్తే వదిలేస్తా. నడవకపోతే వీడి మీద కేసే" అన్నాడు.

ఆవరణలో ట్రక్కు దించి చూశాను. స్ప్రింగు అప్పడంలా అణిగిపోయి ఉంది. నట్టు చివరిదాకా బిగించేశారు.

"లూజుగ ఉండె సార్, నేనే టైట్ చేసిన" అన్నాడు కంచె దగ్గరి కానిస్టేబుల్, నేను మెచ్చుకుంటానన్నట్టు నవ్వుతూ.

"ఒక్క నిమిషం పానా ఇప్పించండి" అన్నాను.

"నడిచే బండన్నారు. మళ్లీ విప్పడాలేంటి?" అన్నాడు ఎస్సై.

పోనీ మట్టిలో నడుపుతాను, మట్టిలో చక్రాలే జారతాయి కాబట్టి దెబ్బ తగలదు అన్నాను. సిమెంటు మీదే నడపమన్నాడు. తాడు లాగి స్టార్టు చేశాను. మెల్లగా బండిని సిమెంటు మీద ఒక చుట్టు నడిపాను. నడిచింది. బంగారంలా నడిచింది. అతను లోపల లేచి నిలబడి కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఇంతేనా స్పీడు? ఇటివ్వండి" అని ఎస్సై రిమోటు లాక్కుని, ట్రిగ్గరు చివరిదాకా నొక్కాడు. టకటకమని చప్పుడు. తర్వాత ఇంజను గోల పెడుతోంది, చక్రాలు కదలట్లేదు. పళ్లన్నీ ఊడిపోయాయి.

"నడవట్లేదుగా" అన్నాడు.

ఆ మొహం మీద రిమోటు విసిరికొట్టాలనిపించింది. "సార్" అని మాత్రం అన్నాను. వెళ్లి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను. అతన్ని మళ్లీ కింద కూర్చోబెట్టారు. సాయంత్రం హాస్టల్ వార్డెన్, ఇద్దరు మాస్టార్లు వచ్చి హామీ రాసిచ్చి విడిపించారు. ట్రక్కు ఇవ్వలేదు.

అతన్ని వెనక ఎక్కించుకుని క్యాంపస్ దాకా తీసుకెళ్లాను. దారి పొడుగునా ఎస్సైని తిట్టాను, కానిస్టేబుల్‌ను తిట్టాను. పానా ఇచ్చి ఉంటే, మట్టిలో నడపనిచ్చి ఉంటే అని అరిచాను. అతను గేటు ముందు దిగి, పట్టేసిన మోకాళ్లు రుద్దుకున్నాడు.

"క్లచ్ గురించి మంచిగ చెప్పినవ్ అన్నా. నాక్కూడ అంత మంచిగ చెప్పరాదు. బండి నీదని గొక్క మాట అంటే అయిపోతుండె."

భయమేసిందిరా అని చెప్పాల్సింది. ఆ కానిస్టేబుల్ వెధవ నట్టు ముట్టుకోకపోతే ఇదంతా జరిగేదే కాదని మళ్లీ మొదలుపెట్టాను. అతను వీపు తిప్పి కంచె దాటి వెళ్లిపోయేదాకా అదే చెబుతూ ఉన్నాను.