పుష్యమాసంలో దగ్గరికొచ్చిన సూర్యుడు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఏటేటా నా తెలివి తగ్గుతూ వచ్చింది.

మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఇల్లు. పంతులు ఉద్యోగం వచ్చి, ఆదిలాబాద్ జిల్లాలో ఇచ్చోడ నుంచి నాలుగు మైళ్లు లోపలికి నడవాల్సిన ఊరికి నన్ను వేశారు. బయల్దేరేటప్పుడు బాపు మగ్గం గుంటలోంచి లేవకుండానే ఒక మాట చెప్పాడు. "నీకు ఎరికైనయన్నీ ఒక్కపారే చెప్పకు బిడ్డా. జర దాసుకో, ముసలితనంల పనికొస్తయ్."

నేను వింటానా? నా పెట్టెలో ఒక పాత పుస్తకం ఉండేది. కరీంనగర్‌లో పాత కాగితాల దుకాణంలో కొన్నాను. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలూ లేవు. మిగిలిన పేజీల నిండా ప్రపంచంలోని వింతలే. బడి బయటి గోడకు నల్లరంగు పూయించి, పైన 'నేటి వింత' అని రాశాను. రోజూ పొద్దున ఒక వింతను దాని కింద ఎక్కించేవాణ్ని. చదవగలిగినవాళ్లు చదివేవారు, చదవలేనివాళ్లు చదివించుకునేవారు. పొలాలకు పోయేవాళ్లంతా అక్కడ ఆగి నవ్వుకుని మరీ పోయేవారు.

"వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి" అని రాసిన రోజున ఒక రైతు చాలాసేపు గోడ ముందు నిలబడ్డాడు. "అయితె సార్, మా ఇంటికప్పు మొత్తం గడ్డేనా? బర్రెకు ఎరికైతె ఎట్ల?" అని అడిగాడు. ఆక్టోపస్ అనే సముద్రపు జీవికి మూడు గుండెలుంటాయని రాస్తే ఒక ముసలమ్మ ముక్కున వేలేసుకుంది. "ఒక్క గుండెతోనే గింత పరేషాన్ ఐతుంటిమి, మూడింటితోని అదెట్ల బతుకుతుందో పాపం" అని దానికోసం నిజంగానే బాధపడింది. బొగ్గు ఒకప్పుడు అడవి అన్నందుకు మాత్రం ఎవరూ నవ్వలేదు. బెల్లంపల్లి గనుల్లో పనిచేసి వచ్చినవాడొకడు బొగ్గుపెళ్ల మీద ఆకు అచ్చు కళ్లారా చూశానని సాక్ష్యం చెప్పాడు. ఆరోజు నేను నేలమీద నడవలేదు.

అలా నా గొప్ప పెరుగుతుండగానే పుష్యమాసం వచ్చింది. ఆదిలాబాద్ చలి గురించి తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. పొద్దున కుండలో చెయ్యి పెడితే మన వేళ్లు మనవో కాదో అనుమానం వచ్చేది. ఊరంతా గొంగళ్లలో దూరి, గొంగళ్లే ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు కనిపించేది. అలాంటి ఒక పొద్దున, సుద్దముక్క చేతిలో నిలవకపోతున్నా పట్టుబట్టి గోడ మీద ఇలా రాశాను. "ఏడాది మొత్తంలో భూమి సూర్యునికి బాగా దగ్గరగా ఉండేది ఈ జనవరిలోనే. జులైలో కంటే ముప్పై లక్షల మైళ్లు దగ్గర."

ఇది నూటికి నూరుపాళ్లు నిజం. భూమి తిరిగే దారి పూర్తి గుండ్రం కాదు. కానీ అది ఎందుకని, ఎలాగని ఒక్క ముక్క కూడా రాయలేదు. చెబితే వింత తగ్గిపోతుందని నా భయం.

మర్నాడు నాలుగో తరగతిలో ఒక చోటు ఖాళీగా కనిపించింది. ఊరి బడికి వచ్చేదే నలుగురు ఆడపిల్లలు. అందులో గోడ మీది వింతల్ని వరసగా అప్పజెప్పగలిగేది ఒక్కతే. ఆ పిల్లే రాలేదు. రెండోరోజూ రాలేదు. సాయంత్రం బడి విడిచాక వాళ్లింటికి పోయాను.

ఆ ఇంట్లో మాట వాళ్ల తాతది. తండ్రి ఉన్నాడు గాని, తాత దగ్గినప్పుడు మాత్రమే దగ్గేవాడు. వాకిట్లో చలిమంట పక్కన మంచమేసుకుని కూర్చున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"రా పంతులూ, కూసో. సూర్యుడు దగ్గరికచ్చిండట గదా. మరి గొంగడెందుకు కప్పుకున్నవ్?"

పిల్ల మంటకు అవతల మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. గోడ మీద చదివింది చదివినట్టు ఇంట్లో చెప్పిందట. తాత అబద్ధమన్నాడు. పిల్ల నిజమంది. ఆ ఇంట్లో తాతకు ఎదురుచెప్పిన మొదటి మనిషి అదే.

"నిజమే తాతా. పుస్తకంల ఉంది" అన్నాను.

"గా పుస్తకం ఎవడు రాసిండు?"

"అట్ట పోయింది. రాసినాయన పేరు గూడ దాంతోనే పోయింది."

"పోక ఏం జేస్తది? గసొంటి మాటలు రాసినోడు ఊర్ల ఉంటడా?" అని ముసలాయన మంటలోకి ఒక పుల్ల తోశాడు. "నేను పుట్టింది పన్నెండొందల తొంబయ్యైదుల. మొన్నమొన్నటిదాక పదమూడొందలు నడిచె. మీ సర్కారోళ్లు అచ్చి పందొమ్మిదొందలన్నరు. నడుమ ఆరొందలేండ్లు ఏడవాయె? ఎవలు మింగిండ్రు? గన్ని ఏండ్లు మింగినోళ్లకు సూర్యుణ్ని జరంత దగ్గరికి జరుపుడు ఎంత పని?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నిజాం రాజ్యంలో కచేరీ కాగితాల మీద నడిచింది ఫస్లీ సంవత్సరం. ఇంగ్లీషు లెక్కకు అది దాదాపు ఆరువందలు తక్కువ. ఆ లెక్క పోయి కొత్త లెక్క వచ్చినప్పుడు నా ఈడు పిల్లలమంతా ఒక్క పూటలో ఆరువందలేళ్లు ముందుకు దూకాం. ఎవరూ మాకు సంజాయిషీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. అడిగినవాణ్ని అంతవరకు ఈయనొక్కణ్నే చూశాను.

"అబద్ధాలు నేర్సుకునేటందుకు బడెందుకు? ఇంట్ల మేం నేర్పమా?" అన్నాడు చివరికి. "ఐతారం పొద్దుగాల్ల అందరి ముంగట సూపియ్యి. నిజమైతె పొల్ల బడికస్తది. లేదంటె బర్లెంబడి పోతది."

ఆ వారం నాకు అన్నం సయించలేదు. నా గొప్ప కోసం గోడెక్కించిన ఒక ముక్కకు ఆ పిల్ల చదువు బలయ్యేలా ఉంది. నామీద నాకే కోపం వచ్చింది. తాత మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులం ఇద్దరం ఎదురెదురు పడ్డాం.

ఆదివారం నా సరంజామాతో వెళ్లాను. సూర్యుడి కోసం కందిలి లాంతరు, భూమి కోసం ఇచ్చోడ నుంచి తెప్పించిన నాగపూర్ సంత్ర, అంటే కమలాపండు. భూమి పక్కకు వాలి తిరుగుతుందని చూపించడానికి సంత్రలో చీపురుపుల్ల వాలుగా గుచ్చాను. వాకిలి నిండా గొంగళ్లు చేరాయి. కందిలి వెలిగించి మధ్యలో పెట్టి, "ఇది సూర్యుడు" అన్నాను.

"వెలుగుతుందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

చూసుకుంటే పొద్దెక్కింది. ఎండలో కందిలి వెలుతురు నాకే కనిపించడం లేదు. పట్టపగలు కందిలి పెట్టి సూర్యుణ్ని చూపించబోయిన మొదటి మనిషిని బహుశా నేనే. అయినా వదల్లేదు. సంత్ర పట్టుకుని కందిలి చుట్టూ తిరుగుతూ జనవరిలో మనమున్న వైపు సూర్యునికి ఎడంగా ఎలా వాలుతుందో, కిరణాలు ఎలా ఏటవాలుగా పడతాయో చెప్పుకుపోయాను. ఒక దగ్గర దారి సరిచేద్దామని భూమిని కింద పెట్టి, సుద్దతో నేలమీద గీత గీయడానికి వంగాను. లేచేసరికి భూమి లేదు. పక్కన మేక కళ్లు మూసుకుని నములుతోంది. చీపురుపుల్ల మాత్రం ఉమ్మేసింది.

వాకిలి దద్దరిల్లింది. తండ్రి కూడా తాత కంటే ముందే నవ్వాడు. ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "భూమే పాయె, ఇగ దగ్గరేంది, దూరమేంది? పో పంతులూ, ఛాయ్ తాగి పో" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కందిలి ఆర్పుదామని వంగేసరికి ఆ పిల్ల లేచి తాత మంచం దగ్గరికొచ్చింది.

"తాతా, నీ అరచెయ్యి మంటకు ఎదురుంగ పెట్టు."

ముసలాయన చలికి ఎలాగూ పెట్టే ఉన్నాడు.

"కాలుతుందా?"

"ఎచ్చగున్నది."

"ఇప్పుడు చెయ్యి జరంత ముంగటికి జరుపు. కని అడ్డం తిప్పు, గిట్ల, కత్తి పట్టినట్టు. అరచేతికి ఎట్లున్నది?"

తాత తిప్పాడు. మళ్లీ ఎదురుగా పెట్టాడు, మళ్లీ అడ్డం తిప్పాడు.

"దగ్గరికచ్చినా సెగ తగ్గింది గదా" అంది పిల్ల. "సార్ చెప్పినట్టు భూమి వాలి, పుష్యంల మనం అడ్డం తిరిగుంటం. ఎండకాలం ఎదురుంగ ఉంటం. గంతే తాతా."

శిక్షణలో ఎవరూ నాకు అలా చెప్పలేదు, నాకూ తట్టలేదు. బడి మాన్పిస్తే ఆ పిల్ల అన్ని రోజులూ ఆ మంట ముందు కూర్చుని చేతులు తిప్పుకుంటూ ఆలోచించింది. ఒక పక్క సిగ్గు, ఇంకో పక్క సంతోషం. ఆ రెండూ ఒకేసారి వస్తాయని అప్పుడే తెలిసింది.

ఇంతలో మంట చుట్టూ ఉన్న ముసలివాళ్లంతా చేతులు చాచి తిప్పడం మొదలుపెట్టారు. ఎదురు, అడ్డం, ఎదురు, అడ్డం. ఎవరైనా కొత్తవాడు ఆ దారిన పోతుంటే, ఈ ఊళ్లో ముసలివాళ్లంతా నాట్యం నేర్చుకుంటున్నారని అనుకునేవాడు. అందరికంటే ఎక్కువసేపు తిప్పింది తాతే. ఓడిపోయానని మాత్రం అనలేదు. "చలికి చేతులు కాపుకుంటున్న" అన్నాడు. నా వైపు చూడకుండా, "పొల్ల రేపు బడికస్తది. గా మేక తిన్న సంత్ర ఎంతకు తెస్తివో చెప్పు" అన్నాడు.

సంత్ర ధర చెప్పలేదు. పిల్ల మర్నాడే వచ్చింది.

నెల తర్వాత ఇచ్చోడ అంగట్లో తాత కనిపించాడు. ఒక బట్టల వ్యాపారి ముందు కూర్చుని, చెయ్యి ఎదురుకు, అడ్డానికి తిప్పుతూ సూర్యుడి సంగతి చెబుతున్నాడు. పుష్యంలోనే దగ్గరికొస్తాడని, ముప్పై లక్షల మైళ్లని, తానే కొలిచి వచ్చినంత ధీమాగా. వ్యాపారి పడీపడీ నవ్వాడు.

"ఎవడు చెప్పిండు పెద్దయ్యా నీకు గీ మాట?"

నేను వెనకే నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడని చొక్కా సర్దుకున్నాను, గొంతు కూడా సవరించుకున్నాను.

ముసలాయన చేతికర్ర నేలకు తాటించాడు. "ఎవడో ఎందుకు చెప్తడు? మా పొల్ల చెప్పింది. గిప్పుడు నాలుగో తరగతే. ఇంక మస్తు సదువుతది."